కెహిందే చెప్పులు

మార్చి 4, 1991. సాయంత్రం

మళ్లీ అదే మాట. ఇదోవు కదా, మొండితనం కాక ఇంకేముంటుంది దానికి, అంది అమ్మ పిన్నితో. నేను వింటున్నానని తెలిసే అంది. నేను చేసిన నేరమల్లా ఒకటే. తైవో అక్క పెళ్లి ఫోటో ఇప్పుడే తీయలేను, ముందు కాలేజీ అసైన్‌మెంట్ ఉంది అన్నాను.

మాలో కవలల వెనక పుట్టిన బిడ్డకి ఇదోవు అని పేరు పెడతారు, పేరుతోపాటు దయ్యం కూడా పట్టిందంటారు. నోరు తెరిస్తే మొండిదాన్ని. మూసుకుంటే మరీ మొండిదాన్ని.

ఇరవై ఏళ్లొచ్చాయి. ఇంట్లో నా చిన్నప్పటి ఫోటో ఒక్కటి లేదు. అడిగితే, కుదురుగా కూర్చున్న మొహమేనా నీది, కెమెరా చూస్తే పరుగేగా, అంటారు. వీధంతటికీ అమ్మ ఇయా ఇబేజీ, కవలల తల్లి. ఇదోవు తల్లీ అని పిలిచినవాళ్లు లేరు.

మార్చి 6

అసైన్‌మెంట్ ఇది. పేరున్న ఫోటోగ్రాఫర్ ఒకరిని ఎంచుకుని, ఆయన పద్ధతిలో మీరొక ఫోటో తీయండి అన్నారు మా ఫోటోగ్రఫీ ఎబోహోన్ సార్. బాగున్నవి లేగోస్ ఎగ్జిబిషన్‌కి వెళ్తాయి. నాకు లేగోస్ కావాలి. ఇక్కడ దాచడమెందుకు?

క్లాసంతా విదేశీ పేర్లు రాశారు. నేను మా ఒషోగ్బో అయన్‌లాడే బాబా పేరు రాశాను. ఆయన పోయి చాలా కాలమైంది. కవలల్లో ఒకరు చనిపోతే తల్లులు ఆయన స్టూడియోకే వెళ్లేవాళ్లు. బతికిన పిల్లనే రెండుసార్లు కూర్చోబెట్టేవాడు. లెన్స్‌కి సగం నల్ల అట్ట అడ్డం పెట్టి ఒక క్లిక్. అట్ట అటు జరిపి, పిల్లను ఇటు జరిపి, అదే ఫిల్మ్ మీద ఇంకో క్లిక్. ఫోటోలో ఇద్దరూ పక్కపక్కనే.

మా హాల్లో ఉన్న కవలల ఫోటో ఆయన తీసిందే. తైవోకి జంటగా పుట్టిన కెహిందే ఆరేళ్లప్పుడు తట్టు పోసి పోయింది. ఆ తర్వాత తీయించారు. తైవో ముందు పుట్టినా మా లెక్కలో పెద్దది కెహిందేనే. లోకం ఎలా ఉందో చూసి రా అని తైవోను ముందు పంపింది కదా. పండగొస్తే అమ్మ బొబ్బర్లు ఉడికించి, పామాయిల్ కలిపి, ముందు ఆ ఫోటోకి పెడుతుంది. తర్వాతే మాకు. ఏది కొన్నా తైవోకొకటి, కెహిందేకొకటి, జత కొంటుంది. రెండోది ఎవరూ తొడగరు.

మార్చి 9. స్టూడియో నుంచి వచ్చాక

బాబా కూతురు మొరెనికే ఆంటీ నెగటివ్‌లన్నీ బిస్కెట్ డబ్బాల్లో దాచింది. పేరు చెప్పబోతే, చెప్పక్కర్లేదమ్మా, ఆ నుదురు ఇయా ఇబేజీ ఇంట్లో తప్ప బజార్లో దొరకదు, అంది.

మా నెగటివ్ దొరికింది. ఇంట్లో ఉన్న ప్రింట్ నడుము దగ్గర కత్తిరించి ఉంది. ఇది పూర్తిగా ఉంది. కిటికీకి పెట్టి చూశాను. ఎడమవైపు పిల్ల పాదాలు నేల మీదున్నాయి. కుడివైపు పిల్ల స్టూలు మీద రెండు దిండ్లున్నాయి. పాదాలు గాల్లో వేలాడుతున్నాయి. చెప్పులు పెద్దవి. ఒకటి జారి కింద పడింది.

ఒకే పిల్ల రెండుసార్లు కూర్చుంటే కాళ్లు కురచవుతాయా?

చెప్పు జారిన పాదం చిటికెన వేలు పక్క వేలు మీదికెక్కి ఉంది. నేను చెప్పు విప్పి నా కాలు చూసుకున్నాను.

మార్చి 9. మళ్లీ

ఆ ఫోటోలో ఉన్నది నేను.

మార్చి 10

అమ్మ బొబ్బర్లు కడుగుతోంది. నెగటివ్ చూపించాను. చేతులు నీళ్లలోంచి తీయలేదు.

అలాగే చెప్పింది. తైవో కూర్చోనందట. తెర వెనక దాక్కుని ఒకటే ఏడుపు. కెహిందే చోట కూర్చుంటే నేను కెహిందేనైపోతాను, నన్నూ పూడ్చేస్తారు, అందట. తన చోట మాత్రమే కూర్చుంది. బాబా విసుక్కుని అట్ట సర్దేస్తున్నాడట. నాకు నాలుగేళ్లు. ఎవరూ చెప్పకుండానే ఖాళీ స్టూలెక్కి, కెహిందే చెప్పులు తొడుక్కుని కూర్చున్నానట. రెప్ప కూడా వేయలేదే, ఈ పిల్ల రాయిలా కూర్చుందేమిటి అని బాబా నవ్వాడే, అంది.

మరి ఇన్నేళ్లూ నన్ను కుదురులేనిదన్నావేం అని అడిగాను. ఆ రోజు కూర్చున్నది నువ్వని నేనే ఒప్పుకోకూడదనుకున్నాను, అంది. వేరే పిల్లకు బొబ్బర్లు పెడుతున్నానని కెహిందేకి తెలిస్తే కోపంతో తైవోను కూడా పిలుచుకుపోతుందని భయం. ఇప్పుడు దాని పెళ్లి. ఎవరితోనూ అనకే తల్లీ, అంది.

తల్లీ అంది. మొండిదానా అనలేదు.

మార్చి 13. ఇబాదాన్

కాలేజీలో సార్‌కి నెగటివ్ చూపించాను. ఎందుకు చూపించానో! పద్ధతి అడుగుదామని వెళ్లి మొత్తం చెప్పేశాను. ఆయన కుర్చీలోంచి లేచారు. పిచ్చిదానా, బంగారం మీద కూర్చున్నావ్, దీన్ని గోడంత చేసి పక్కన నీ కాలి ఫోటో పెట్టు, దొంగ కవల అని పేరు పెట్టు, లేగోస్ అంతా నీ ముందు క్యూ కడుతుంది, అన్నారు.

అబద్ధమాడను, నా పేరు గోడ మీద కనిపించింది. తర్వాత దాని కింద అమ్మ కనిపించింది, చేతులు బొబ్బర్ల నీళ్లలో.

మార్చి 16. ఒషోగ్బో

తైవోతో చెప్పాను. తను ఏడ్చి, ముక్కు చీది, ఆ స్టూలు నువ్వు ఎక్కావు కాబట్టే నేను ఎక్కకుండా తప్పించుకున్నానే, అంది. పెళ్లి ఫోటో ఇవాళే తీద్దామంది.

అమ్మ పెళ్లి బట్టలు తెచ్చింది. ఎప్పటిలాగే జత. కెహిందేకి కొన్న కొత్త చెప్పులు నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. తొడిగాను. సరిగ్గా సరిపోయాయి. ఎవరి కాలి కొలత తీసుకుందో అడగలేదు.

తైవో ఒక స్టూలు మీద, కెహిందే బట్టలూ చెప్పులూ వేసుకుని నేను ఇంకో స్టూలు మీద, పక్కపక్కన కూర్చున్నాం. లెన్స్‌కి కుడివైపు నల్ల అట్ట, కెమెరాకి టైమర్. మొదటి క్లిక్. లేచాను. చెప్పులు విప్పి, నా మామూలు గౌను వేసుకుని, మూడో స్టూలు మీద కూర్చున్నాను. అదే ఫిల్మ్ మీద రెండో క్లిక్‌కి అట్ట ఎడమవైపు పట్టుకుంది తైవో. కదలకే ఇదోవూ, అంది. కదల్లేదు.

మార్చి 19

ప్రింట్ ఆరింది. తైవో ఒకసారి కూర్చుంది, నేను రెండుసార్లు, ఒకసారి కెహిందే చోట, ఒకసారి నా చోట.

పాత నెగటివ్ ఆంటీ బిస్కెట్ డబ్బాలో తిరిగి పెట్టేశాను. కాలేజీకి ఏదీ ఇవ్వను. ఈ ప్రింట్ మా హాలు గోడకి.