ఒడ్డు నీళ్లు

నాన్నా,

నేను బాగున్నాను. మీరంతా బాగున్నారని తలుస్తాను అని రాయబోయి ఆగాను. ఈసారి నేను తలిస్తే సరిపోదు, నువ్వు చూసి చెప్పాలి. ఫోన్ చేద్దామంటే పంపుహౌస్ మోతలో నీకు సగం మాటలే వినబడతాయి, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను. మొదలుపెట్టిన దగ్గర్నుంచి లేవడం, గదిలో తిరగడం, మళ్లీ కూర్చోవడం, ఇదే పని.

ముందు నువ్వడిగినవి. వేళకే తింటున్నాను. కిటికీ రెక్క ఇంకా ఊగుతూనే ఉంది, ఇంటావిడ "రేపు చేయిస్తానమ్మా" అంటూనే ఉంది. లెక్కల్లో మార్కులు తగ్గాయని చెల్లిని తిట్టకు, అన్నీ నీ పోలికలే మరి.

ఇక అసలు ప్రశ్న. పొద్దున్నే కొళాయిలో నురగ వస్తోందనీ, అమ్మ కడుపు కుదుటపడటం లేదనీ రాశావు. "మా అమ్మాయే ఆ నీళ్లు పరీక్ష చేస్తుంది, భయం లేదు" అని వీధంతా చెబుతున్నావట. పోయినసారి అడిగినప్పుడు నది బాగానే ఉందని రాశాను. నీళ్ల ఉద్యోగం కదా, నీళ్లు నమలడం అలవాటైపోయింది. అయితే అది అబద్ధం కాదు. మేం పరీక్ష చేసే నీళ్లు బాగానే ఉన్నాయి. కాకపోతే అవి మీరు తాగే నీళ్లు కావు.

మా జీపు వంతెన మధ్యలో ఆగుతుంది. తాడు కట్టిన బకెట్ కిందికి వదిలి, సీసాలు నింపుకుని వచ్చేస్తాం. ఏళ్లుగా అదే చోటు, జీపు ఆపడానికి వీలుగా ఉంటుందని. ఈమధ్య అక్కడ టైరు పంక్చరైతే, డ్రైవర్ దాని పని చూస్తుండగా నేను మెట్లు దిగి ఒడ్డుకు వెళ్లాను. వంతెన దాటగానే మురుగుకాలువ వచ్చి నదిలో కలుస్తుంది, అద్దకం మిల్లు వదిలే నీళ్లతో సహా. కలుస్తుంది అనకూడదేమో. ఆ నల్లనీళ్లు లోపలికి వచ్చాక కూడా పిలవని చుట్టంలా ఒడ్డువారగానే నడుస్తూ మీవైపే పోతున్నాయి. నడిమధ్య తేటగా ఉంది, అంచున చిక్కటి డికాషన్. చేపపిల్లలు మూతులు పైకెత్తి గాలి మింగుతున్నాయి.

"కాళ్లు తడిపితే జీతం పెంచుతారా మేడమ్?" అని డ్రైవర్ పైనుంచి నవ్వాడు. సీసాతో జీపెక్కాక మాత్రం వాసనకు ముక్కు మూసుకుని అద్దం దించుకున్నాడు.

పరీక్ష చేస్తే ఆ నీళ్లలో చేపల ఊపిరికి సరిపడా ఆక్సిజన్ లేదు. మురుగు క్రిములు లెక్కకు అందనన్ని ఉన్నాయి. మా అధికారి కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఈ సీసా ఎక్కడిదమ్మా?"

"ఒడ్డుదండీ."

"మధ్యలో తీయమన్నారు కదా. ఒడ్డుతో మనకేం పని?"

"తాగేవాళ్ల పైపు ఒడ్డునే ఉందండీ."

"చూడమ్మాయ్, చదువుకున్నదానివి. చదివినదంతా రాసెయ్యకూడదు."

ఆ పైపు మన ఊరిదని ఆయనకు చెప్పలేదు. చెబితే ఇంటిగోల కింద తీసిపారేసేవాడు.

ఇక్కడిదాకా గబగబా రాశాను, ఇప్పుడు లేచి మళ్లీ గదంతా తిరిగొచ్చాను. రెండు నీళ్ల సంగతీ రిపోర్టులో రాసి నేరుగా పైకి పంపేశాను. మర్నాడు వెళ్తే నా బల్ల మీద ఇంకెవరిదో టిఫిన్ డబ్బా ఉంది. ఉద్యోగం పోయింది నాన్నా. రిపోర్టు మళ్లీ మధ్యనీళ్లతోనే తయారైందట. ఫిర్యాదు పెట్టాను, విచారణకు పిలుస్తామన్నారు, అందుకే ఈ ఊరు కదలలేకపోతున్నాను. వాళ్లు పిలిచేదాకా అమ్మ ఆ నీళ్లే తాగాలా?

మీ పంపుహౌస్‌కి రెండు పైపులున్నాయి కదా, ఒడ్డున ఒకటి, ఎండాకాలం మాత్రమే తెరిచే నడినదిది ఒకటి. ఒడ్డుది మూసేసి రెండోది తెరువు. దాని పాత మోటారు మొరాయిస్తుందనీ, మిట్టవీధులకు నీళ్లెక్కవనీ, బిందెలతో వచ్చి నిన్నే తిడతారనీ తెలుసు. ఆర్డరు కాగితం చూపించమని మీ పైవాళ్లు అడుగుతారనీ తెలుసు. నా దగ్గర కాగితం లేదు. ఉద్యోగం లేని కూతురి మాట ఒక్కటే ఉంది.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, మన ఊరి బస్సు డ్రైవర్ చేతికే ఇస్తాను. ఊళ్లో చక్రం తిప్పుతున్నామనుకునేవాళ్లు బోలెడుమంది. ఆ రెండో పైపు తెరిచే నిజం చక్రం మాత్రం నీ ఎదురుగా, తుప్పుపట్టి, గోడకి ఉంది. చదివి మడిచి జేబులో పెట్టుకోకు నాన్నా. ముందు లేచి దాన్ని తిప్పు, తర్వాత తీరిగ్గా కూర్చుని నన్ను తిట్టు.

ఇట్లు,
నీ పెద్ద కూతురు