క్లచ్ మీద కాలు

జహీరాబాద్,
ఆదివారం.

శ్రీకాంత్ గారికి రోజా నమస్కారాలు.

ఇక్కడ అత్తమ్మ, పాప దీక్షిత, నేను బాగున్నాము. నాగ్‌పూర్‌లో మీ ఆరోగ్యం, ఫ్యాక్టరీ ట్రైనింగు బాగున్నాయని తలుస్తాను. ఫోన్లో సగం మాటకే కట్ చేస్తున్నారు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. చదవడం మధ్యలో ఆపినా మిగతాది అక్కడే ఉంటుంది.

మీ ఉత్తరంలో అత్తమ్మ మోకాళ్ల సంగతి అడిగారు. నొప్పి తగ్గింది, రోజూ నూనె రాస్తున్నాను. దీక్షితకు లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గాయన్నారు. అది మీ పోలిక.

ఇక మీ పెద్ద ప్రశ్న. "కారు పద్దెనిమిది మైలేజి ఇచ్చేది, నీ చేతికొచ్చినంక పన్నెండే ఇస్తున్నది. తాళంచెవి పవన్‌కు ఇచ్చి నువ్వు బస్సుకు పో" అని రాశారు. మీ తమ్ముడు నిన్ననే వచ్చి చెయ్యి చాచాడు. ఇవ్వలేదు. న్యాల్‌కల్ దవాఖానలో నా డ్యూటీ ఎనిమిదింటికి, బస్సు దిగేసరికి తొమ్మిదిన్నర. కారు పోతే నా నర్సు ఉద్యోగం పోయినట్టే. అది మీకు తెలియక కాదు.

ఊరికే కాదనలేదు. మెకానిక్ చందర్‌కు బండి చూపించాను. ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపితే పిడికెడు మన్ను రాలింది. "మేడమ్, దీనికి ఊపిరాడుతలేదు. గుంజకుంటే మీరు ఇంకింత తొక్కుతరు, అది ఇంకింత తాగుతది" అన్నాడు. టైర్లలో గాలి ముప్పై మూడు పాయింట్లు ఉండాల్సింది ఇరవై రెండే ఉంది. ఆదివారాలు మన అల్లం తోటకు కారు తీసుకెళ్లే పవనే తగ్గించాడట. అడిగితే, "గాలి తక్కువుంటే మన్ను తొవ్వల మెత్తగ పోతది వదినా, మనింట్ల అందరం గట్లనే చేస్తం" అన్నాడు. మెత్తదనం మీ నడుములకు, కష్టం ఇంజనుకు, నింద నాకు.

ఇప్పుడు నా తప్పు. ఇది రాయలేక రెండు కాగితాలు చింపాను. వానాకాలంలో చిరాగ్‌పల్లి దగ్గర హైవే దాటుతుంటే బండి నట్టనడుమ ఆగిపోయింది. రెండు పక్కలా లారీలు, హారన్లు. కంగారులో తాళం తిప్పలేకపోయాను, ఎవరో దిగి బండిని పక్కకు నెట్టారు. ఇంటికొచ్చి బాత్రూంలో ఏడ్చాను, ఎవరికీ చెప్పలేదు. ఆనాటి నుంచి క్లచ్ మీది నుంచి కాలు తీయలేదు, మూడో గేరు దాటలేదు. నా భయానికి డీజిల్ పోశాను, ఒప్పుకుంటున్నాను. కానీ "కాలు క్లచ్ మీదనే ఉంచు, బండి ఆగదు" అని నేర్పింది మీరే.

క్లచ్ మీద కాలుంటే బండి డీజిల్ ఎక్కువ తాగుతుందని చందర్ చెప్పాక, కాలు పక్కన పెట్టి ఆ కూడలినే పదిసార్లు దాటాను. ఐదో గేరులో అరవై మీద నిలకడగా నడిపాను. టైర్లలో గాలి సరిగ్గా పట్టించి, ట్యాంకు నిండా కొట్టించి, వారం తిరిగి, అదే బంకులో మళ్లీ నింపి చూశాను. పదిహేడున్నర వచ్చింది. మిగిలిన అర కోసం ఉద్యోగం మానను.

ఇదంతా విని అత్తమ్మ పవన్‌తో, "నీకు మోటరుసైకిల్ ఉన్నది కద, తోటకు దాని మీద పో" అన్నది.

వచ్చే నెల మీరు సెలవు మీద వచ్చినప్పుడు స్టేషన్‌కు కారు నేనే తెస్తాను. మీరు పక్క సీట్లో కూర్చోవాలి. భయమేస్తే చెప్పండి, మెల్లగా నడుపుతాను. తాళంచెవి మాత్రం అడగకండి.

ఇట్లు,
కారు నడుపుతున్న మీ భార్య,
రోజా