రాములు గారి మంచం పక్కన

తిరువూరు

ప్రియమైన అక్కకు,

చెల్లెలు పద్మ నమస్కరించి రాస్తున్నాను. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నేనిక్కడ బాగానే ఉన్నాను. ఫోన్లో నువ్వు "ఎలా ఉన్నావే" అంటావు, నేను "బాగున్నాను" అంటాను, ఆ తర్వాత ఇద్దరికీ మాట దొరకదు. అందుకే కాగితం తీసుకున్నాను.

సోంపేట నుంచి ఇంత దూరం ఎందుకొచ్చావని ఇక్కడ అందరూ అడుగుతారు. పోయిన ఎండాకాలం అమ్మ పోయింది, వానలు మొదలయ్యేసరికి ఈ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, వచ్చేశాను. అంతకంటే నాకూ తెలియదు. కింద వాటాలో ఇంటివాళ్ళు మంచివాళ్ళు. ఇంటావిడ రహీమా పిన్ని బట్టలు కుడుతుంది. ఏదైనా మంచి కూర చేస్తే మెట్ల దగ్గర నిలబడి పిలుస్తుంది. వేళకు తింటున్నాను, కంగారు పడకు. ఏం తిన్నానో సాయంత్రానికి గుర్తుండదు గానీ తింటున్నాను.

పాఠాలతో పాటు, చదువు మానేసేలా ఉన్న పిల్లల్ని చూసుకునే పని కూడా ప్రిన్సిపాల్ గారు నాకే ఇచ్చారు. మా కాలేజీ పిల్లలు గంపలగూడెం, పెనుగొలను వైపు ఊళ్ళ నుంచి షేర్ ఆటోల్లో వస్తారు. పత్తి తీతలు మొదలైతే బెంచీలు సగం ఖాళీ. ఫోన్ చేస్తాను, ఎత్తకపోతే ఇంటికి వెళ్తాను. కొందరు తిరిగొస్తారు, కొందరు రారు. రానివాళ్ళ గురించి బాధపడాలని తెలుసు. బాధ రాదు.

సునీత అని ఫైనలియర్ బీయస్సీ అమ్మాయి. ఎ.కొండూరు దగ్గర తండా వాళ్ళది. బాగా చదివే పిల్ల, దసరా సెలవుల తర్వాత రావడం మానేసింది. వెతుక్కుంటూ వెళ్తే ఇంటికి తాళం ఉంది. పక్కింటామె చెప్పింది, "తండ్రీ కూతురూ తిరువూర్లోనే ఉన్నారు మేడమ్. ఆయనకి రక్తం కడిగించడానికెళ్ళారు" అని. ఆ వైపు తండాల్లో కిడ్నీ జబ్బు చాలామందికి ఉంది. సునీత నాన్న రాములు గారికి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి.

తిరిగొచ్చి ఆసుపత్రికి వెళ్ళాను. గది బయట బల్ల మీద కూర్చుని ఉంది.

"కాలేజీ ఇక్కడికి దగ్గరే కదా సునీతా."

"తెలుసు మేడమ్. బెల్లు కూడా వినపడుద్ది."

"మరి?"

"మధ్యలో నాన్నకి బీపీ పడిపోద్ది. మనిషి ఉండాలన్నారు. అమ్మ కూలికి పోకపోతే ఇల్లు గడవదు. అన్న లారీ ఎక్కితే ఎప్పుడొస్తాడో తెలీదు."

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఒకసారి ఆమెకు ఇంటర్నల్ పరీక్ష ఉందని రాములు గారు, "ఇయ్యాళ నాకు బానే ఉంది, నేను రాను, నువ్వెళ్ళి రాసుకో" అని పంపించాడట. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఊపిరందక గోడకు ఆనుకుని ఉన్నాడు.

"నేను చదువుతానంటే మళ్ళీ అట్టానే చేస్తాడు మేడమ్. అందుకే మానేశా" అంది.

నాకు జాలి కలగలేదక్కా. నీకు కాబట్టి చెబుతున్నాను. ఒక మనిషి కూర్చుంటే చాలు కదా అని మాత్రం తోచింది. "నేను కూర్చుంటాను, నువ్వు క్లాసుకెళ్ళు" అన్నాను.

ప్రిన్సిపాల్ గారు నా పీరియడ్లు మార్చారు. నేను వెళ్ళలేని రోజు సునీత క్లాసు పిల్లలు వంతులు వేసుకున్నారు. నర్సమ్మ లోపల మంచం పక్కన స్టూలు వేయించింది. మొదట్లో రాములు గారు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు నిజంగానే బీపీ పడిపోయి కళ్ళు తేలేశాడు. నర్సమ్మను పిలిచి, ఆమె చెప్పినట్టు ఆయన కాళ్ళు ఎత్తి పట్టుకున్నాను. నా చేతులు వణకలేదు. తేరుకున్నాక నన్ను చాలాసేపు చూశాడు.

"మీరుంటే తేలిగ్గా ఉంటది మేడమ్. మావోళ్ళొస్తే ఏడుస్తారు" అన్నాడు.

తల ఊపాను.

హాజరు తక్కువైందని పరీక్షకు కూర్చోనివ్వరేమోనని హడలిపోయాం. ప్రిన్సిపాల్ గారు ఆసుపత్రి కాగితాలు జతచేసి పైకి రాశారు. హాల్ టికెట్ ఇక రాదేమో అనుకుంటుండగా వచ్చింది. సునీత అన్ని పరీక్షలూ రాసింది.

మొన్న ఫలితాలొచ్చాయి. ఫస్ట్ క్లాసు. ఆ రోజూ ఆయనకు డయాలసిస్సే, నేను పక్కనే ఉన్నాను. సునీత ఫోన్ పట్టుకుని లోపలికి పరిగెత్తుకొచ్చి, "నాన్నా, పాసయ్యా" అని ఏడ్చేసింది. ఆయన ఏడవలేదు. "టీచరమ్మవి అవుతావా అయితే" అన్నాడు. అవుతానంది. బీఈడీ ప్రవేశ పరీక్షకు చదువుతోంది. మేడమ్‌కి టీ తెస్తానని బయటికి వెళ్ళింది.

అప్పుడాయన నన్నడిగాడు, "మీ అమ్మా నాన్నా ఉన్నారా మేడమ్?"

"నాన్న చిన్నప్పుడే పోయారు. అమ్మ పోయిన ఏడాది పోయింది" అన్నాను.

"ఏమైంది?"

చెప్పానక్కా. పొద్దున్నే అమ్మ పెరట్లో గిన్నెలు తోముతూ పడిపోవడం, నువ్వు వచ్చేవరకూ నేను ఆ కుళాయి కట్టేయకుండా అలాగే కూర్చోవడం, అంతా చెప్పాను. ఇన్నాళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆయన సగంలో ఆపలేదు, అయ్యో అనలేదు. సూది లేని చేత్తో తన దుప్పటి కొస లాగి నా మోకాళ్ళ మీద వేశాడు. ఆ గదిలో ఏసీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఇన్ని నెలలుగా అక్కడ కూర్చుంటున్నాను. నాకు చలేస్తోందని అప్పుడు తెలిసింది.

అమ్మ సంవత్సరీకానికి తప్పకుండా వస్తాను. అన్నీ నువ్వొక్కదానివే నెత్తినేసుకోకు, కొంత పని నాకు ఉంచు. వీలైతే నాలుగు ఎండుచేపలు కట్టి ఉంచు, రహీమా పిన్నికి ఇస్తానన్నాను. బావకు నమస్కారాలు. అత్తయ్యగారి కాళ్ళకు నా బదులు నువ్వు దండం పెట్టు. పిల్లల్ని ముద్దాడానని చెప్పు. నా మీద నీ దీవెన ఉంచు, ఒంట్లో ఎలా ఉందో నువ్వూ రెండు ముక్కలు రాయి.

నీ చెల్లెలు
పద్మ