నేనూ నేనూ ఒక్కరమే

మార్చి 2, సోమవారం

ఈ రోజు నుంచి నా పీఆర్ దరఖాస్తు స్టేటస్ చూడను. ఒట్టు!

కారణం రాసిపెట్టుకోవాలి, లేకపోతే రేపటికి మర్చిపోతాను. మా భూసార పరీక్షల ల్యాబ్‌లో నా పని: మట్టి తూచడం, ఓవెన్‌లో ఆరబెట్టడం, మళ్లీ తూచి రిజిస్టర్‌లో రాయడం. ఇవాళ మేనేజరమ్మ ఆ రిజిస్టర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“అమ్మాయ్, పద్నాలుగో నంబరు మట్టి ఎంత? ‘పరిశీలనలో ఉంది’ గ్రాములా?”

చచ్చాను. చేతుల్లో మట్టి, కళ్లముందు ఫోన్. పీఆర్ పేజీలోని ముక్క తిన్నగా రిజిస్టర్‌లోకి దిగిపోయింది.

“ఫోనో, మట్టో తేల్చుకో” అని వెళ్లిపోయింది.

చదువయ్యాక ఇచ్చిన వర్క్ పర్మిట్ ఈ నెల 31తో సరి. ఈలోగా పీఆర్, అంటే ఇక్కడే ఉండిపోయే అనుమతి, రాకపోతే ఈ ఉద్యోగం ఉండదు, నేనూ ఈ దేశంలో ఉండను. అందుకే నిన్న ఒక్కరోజే నలభై ఒక్కసార్లు చూశాను. లెక్కపెట్టింది నాతో గది పంచుకునే నర్సక్క.

నిర్ణయం వస్తే మెయిల్ రానే వస్తుంది. దరఖాస్తులో యూనివర్సిటీ వాళ్లిచ్చిన మెయిలే రాశాను, దర్జాగా ఉంటుందని. ఇక పేజీతో పనేముంది? అక్క పాస్‌వర్డ్ మార్చేసి, చీటీ మీద రాసి, పంచదార డబ్బా అడుగున పాతిపెట్టింది. ప్రాణం మీదికొస్తేనే తియ్యాలట.

మార్చి 3

చూడలేదు! అన్నం వేడిగా తిన్నాను. ఎన్నాళ్లయిందో.

రోజులో ఇంత టైం ఉంటుందా? ఇక నుంచి: ఈత నేర్చుకోవాలి. థీసిస్‌ని వ్యాసంగా మార్చాలి. కుర్చీ మీది బట్టలు మడతపెట్టాలి.

మార్చి 5

చూడలేదు. బట్టలు అలాగే ఉన్నాయి. ఈత కొలను దూరం.

మార్చి 6

నా స్టేటస్ చూడకూడదు. నిజమే. ఎదుటివాళ్లది చూడకూడదని ఎవరన్నారు?

మా పీఆర్ గ్రూపులో ఒకతన్ని అందరూ తాత అంటారు. వయసు ఇరవై తొమ్మిదే. ఎవరు ఏ రోజు దరఖాస్తు పెట్టారో, వయసుకీ చదువుకీ కలిపి ఎవరికి ఎన్ని పాయింట్లు వేశారో నోటికి చెప్తాడు. నా తర్వాత పెట్టినవాళ్లు ముగ్గురికి వచ్చేసిందట. నాకు ముప్ఫై నిండిన రోజున వయసు కింద అయిదు పాయింట్లు కోసేశారు. పుట్టినరోజుకి ఎవరైనా ఏదైనా ఇస్తారు గానీ లాక్కుంటారా?

మార్చి 8, ఆదివారం

ఉదయం 8.00: టీ పెట్టాను.
8.40: టీ.
9.30: టీ.
11.00: టీ. అక్క వంటింట్లోకి వచ్చింది.

“ఏమే, నీకు టీ అంటేనే పడదు కదా! పొద్దున్నుంచి ఇది నాలుగోది. ఏదీ, ఆ డబ్బా ఇలా తే.”

చీటీ అంతా జిగురు జిగురు. వేళ్లూ అంతే, ఫోనూ అంతే.

“అసలు నీకు సిగ్గులేదా?”

“లేదక్కా.”

(నాలుగుసార్లూ ‘పరిశీలనలో ఉంది’.) అక్క పాస్‌వర్డ్ మళ్లీ మార్చింది. ఈసారి చీటీ లేదు, తన బుర్రలోనే.

మార్చి 11

చూడలేదు. చూసే దారి లేదు.

మార్చి 13

చూడలేదు. గోళ్లు అయిపోయాయి.

భయంగా ఉంది. ఇక్కడి మట్టి వేళ్ల మధ్య నలిపితే చాలు, నీళ్లు నిలిచే నేలో కాదో చెప్పగలను. నాలుగేళ్లు పట్టింది అది చేతికి రావడానికి. 31 తర్వాత ఆ చేతులు ఏం చేసుకోను?

మార్చి 16

చూడలేదు! మేనేజరమ్మ రిజిస్టర్ చూసి, “ఈ వారం ఒక్క తప్పూ లేదు” అంది. నేను మారిపోయాను. ఇక నన్నెవరూ కదిలించలేరు.

మార్చి 17, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

4.05: ఓవెన్ వెనకాల గ్రూపు తెరిచాను. (గ్రూపు లెక్కలోకి రాదు.) తాత రాశాడు: “చదువైపోయినవాళ్లకి యూనివర్సిటీ మెయిళ్లు ఒకటో తారీకున మూసేశారు. చూసుకోండి.”

4.07: చూసుకున్నాను. మూసేశారు.

4.09: అక్కకి ఫోన్. వార్డులో ఉంది.

“అక్కా, పాస్‌వర్డ్!”

“సిగ్గులేదా.”

“అక్కా, తిట్లు తర్వాత. ప్రాణం మీదికొచ్చింది!”

“తిట్టు కాదే తల్లీ, పాస్‌వర్డే అది. సిగ్గులేదా. పక్కన ఇరవై ఒకటి.”

4.14: పేజీలో ఉత్తరం. వారం క్రితంది! నా డిగ్రీలో ఇంటిపేరు ముందుంది, పాస్‌పోర్టులో చివరుంది. “ఈ ఇద్దరూ ఒక్కరేనా? మిమ్మల్ని ఎరిగిన పైఅధికారి సంతకంతో తెలపండి.” గడువు: ఇవాళ సాయంత్రం 5.00.

ఇంటిపేరు ముందే కదమ్మా ఉండాలి, మా ఇళ్లల్లో అంతే! ఎవరితో చెప్పను?

4.16: రాశాను. “నేనూ నేనూ ఒక్కరమే అని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.” మట్టి చేతులతోనే మేనేజరమ్మ గదికి పరుగెత్తాను. ఫోన్ చూశానని కూడా చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను.

ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది. పెన్ను తీసి, నా వాక్యం కింద తనూ ఒక వాక్యం రాసి సంతకం పెట్టింది.

“ఈ అమ్మాయి ఒక్కతే. ఇద్దరుంటే నా ల్యాబ్ మిగిలేది కాదు.”

“మేడమ్, ఇలాగే పంపమంటారా?”

“నిజమే కదా రాశాను. పంపు.”

4.52: పంపాను.
4.58: అందింది.

పేజీలో మళ్లీ అదే మాట: పరిశీలనలో ఉంది. రెండు వారాలుగా తిట్టుకున్న మాటే. ఇవాళ దాన్ని చూసి, హమ్మయ్య, ఇంకా ఉన్నాను అనుకుని గట్టిగా ఏడ్చేశాను. మేనేజరమ్మ నీళ్ల గ్లాసు ఇచ్చి, పద్నాలుగు రోజులు టైముంది, మట్టి చూసుకో అంది.

మార్చి 18, బుధవారం

మొదటి రోజు! మెయిల్ మార్చాను. అక్క పాస్‌వర్డ్ మార్చింది. ఇక స్టేటస్ చూడను. ఈసారి నిజం ఒట్టు.

ఉదయం 7.10: చూడలేదు.
7.25: చూడలేదు. ఇంత హాయిగా ఉంటుందని తెలియలేదు.
7.31: మరి దరఖాస్తులో మా నాన్న పేరుకి కూడా ఇంటిపేరు ముందే ఉంది కదా?
7.32: అక్కా!