రోజూ కొత్త ఆటే

చిరంజీవి మరదలికి,

బావ ఆశీస్సులు. ఫోన్ చేద్దామంటే మీ అక్క మధ్యలో లాక్కుని ఇక ఇవ్వదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు పంపిన వీడియో గేమ్ నన్ను నిలబెట్టిందమ్మాయ్. మాటవరసకి అనడం లేదు. మోకాళ్ళు మొరాయించి బేకరీ మూసేశాక కూడా తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తోంది. జీవితమంతా ఆ వేళకి పిండి పిసికిన చేతులు కదా, ఊరుకోవు. లేచి గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. మీ అక్కతో కూడా మాట్లాడబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు లేవగానే ఆ ఆటలోని ఊళ్ళోకి వెళ్ళిపోతున్నాను. కోళ్ళకి గింజలు వేస్తాను, పొలంలో నాలుగు విత్తనాలు చల్లుతాను, అందరినీ పలకరిస్తాను. మీ అక్క లేచేసరికి ఆట పూర్తి చేసేస్తాను. మర్నాడు మళ్ళీ ఆడతాను. ఎన్నిసార్లు ఆడినా విసుగనేది లేదు.

నీ మేలు మరచిపోలేను.

ఇట్లు,
నీ బావ

తా.క.: ఆ ఊళ్ళో బావి దగ్గర ఉండే ముసలమ్మకి బాగా మతిమరుపు. రోజూ నా పేరు అడుగుతుంది. పాపం, విసుక్కోకుండా చెబుతున్నాను.

మళ్ళీ తా.క. (అక్క రాస్తున్నది): ఏమే, మీ బావ మళ్ళీ మనుషుల్లో పడ్డారు. మధ్యాహ్నం గుర్రుపెట్టి నిద్ర కూడా పోతున్నారు. నాకే ఊపిరాడటం లేదు. తోటకి నీళ్ళు పెట్టాలి, ఉంటాను.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి పడబోయాను. రోజూ పూర్తి చేస్తున్నారా? అదీ అక్క లేచేలోపల? నేను వానాకాలం నుంచి అదే ఆట ఆడుతున్నాను, ఇంకా సగానికి రాలేదు. అందులో ఇంటి వెనక వాగు దాటాలంటే ఊరంతా చుట్టి వంతెన మీదుగా వెళ్ళాలి కదా, దానికే పొద్దు గడిచిపోతోంది. మీరెలా దాటుతున్నారు? గుహలో ఎలుగుబంటిని ఏం చేశారు? దాచకుండా చెప్పండి.

అడగడానికి కారణం ఉంది. మా లైబ్రరీలో నేను పట్టుబట్టి ఆటల గది పెట్టించాను. పెద్దవాళ్ళు వస్తున్నారు, తెర వంక చూసి బెదిరి వెళ్ళిపోతున్నారు. ఇలాగే ఉంటే గది మూసి అందులో విరిగిన బల్లలు పడేయిస్తానని మా పెద్దసారు అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

మీ మరదలు

తా.క.: అక్కకి తోటేమిటి? మీరుండేది మూడో అంతస్తు కదా!

*

చిరంజీవి మరదలికి,

ఆశీస్సులు. వాగా? దూకుతాను. పసుపు బటన్ నొక్కితే మనవాడు ఎగిరి అవతల పడతాడు. ఇక ఎలుగుబంటి సంగతంటావా, గుహల వెంట తిరగడం నాకు అలవాటు లేదు. దాని జోలికి నేను పోలేదు, నా జోలికి అది రాలేదు.

ఇందులో రహస్యం ఏమీ లేదమ్మాయ్. రోజూ కొత్తగా మొదలుపెట్టాలి, అంతే.

నీ బావ

తా.క.: మీ అక్క తోట అన్నది కిటికీలో కుండీ గురించి అనుకుంటాను. అందులో మొక్క చచ్చి చాలా కాలమైంది. అడిగితే నవ్వుతోంది.

మళ్ళీ తా.క. (అక్క): తీరిగ్గా రాద్దామంటే కుదరడం లేదే. తేనె తీయాలి.

*

బావగారికి నమస్కారాలు.

దూకవచ్చా! పసుపు బటన్ నొక్కితే దూకుతాడని ఇన్నాళ్ళూ తెలియక ఊరు చుట్టి చుట్టి నడిచాను. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి, ఇక్కడ నన్ను ఆటల గది ఇన్‌చార్జి అంటారు.

మీ మాట మాత్రం పెద్దసారుకి వినిపించాను. "రోజూ కొత్తగా మొదలుపెట్టాలి" అనగానే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంతటి ఆటగాణ్ణి పిలిపించమన్నారు. ఆదివారం మీరు వచ్చి అందరి ముందూ ఆట పూర్తి చేసి చూపించాలి. మా గది బతుకు మీ చేతుల్లో ఉంది.

మీ మరదలు

తా.క.: తేనేమిటి బావగారూ? నాకు భయంగా ఉంది. అక్కని ఓసారి డాక్టరుకి చూపించండి.

*

చిరంజీవి మరదలికి,

ఏ మొహం పెట్టుకుని రాయను? ఆదివారం నీ పరువు తీసి, చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాను.

ఆటలో చీకటి పడేదాకా ఆడి, "అయిపోయింది" అని చేతులు దులుపుకుని లేచానా. ఒక్కరు కూడా కదల్లేదు. "మొదటిరోజు అయిపోయింది సరే, మిగతాదో?" అన్నారు మీ పెద్దసారు. మిగతాది ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది తల్లీ.

ఆట పెట్టగానే రెండు మాటలు వస్తాయి కదా, "కొత్త ఆట", "కొనసాగించు" అని. నేను నిన్నటి రొట్టె ఇవాళ అమ్మినవాణ్ణి కాను. తాజాది ఎదురుగా ఉండగా పాతదాన్ని ఎందుకు ముట్టుకుంటాను? చీకటి పడి బొమ్మ మసకబారితే, దుకాణం కట్టేసే వేళయిందనుకుని నేనే టీవీ ఆపేసేవాణ్ణి.

నీ గది పోతే ఆ పాపం నాదే. క్షమించు.

నీ బావ

తా.క.: పాపం ఆ ముసలమ్మది మతిమరుపు కాదన్నమాట.

*

బావగారికి వేయి నమస్కారాలు.

మీరు బస్సెక్కాక ఏం జరిగిందో వినండి. ముందు పెద్దసారు నవ్వారు. ఆయన పళ్ళు మేము చూడడం అదే మొదలు. తర్వాత వెనక వరసలోంచి ఒకావిడ లేచి, "మిగతాది ఉందనే తెలియని ఈయనకే ఇంత హాయిగా ఉంటే మనకేం భయం?" అని వచ్చి కూర్చుంది. ఆమె వెనక ఇంకొకరు. మొదటిరోజు ఎలా ఆడాలో మీరు చూపించినంత ఓపికగా నేను ఎప్పుడూ చూపించలేదు. ఇప్పుడు గదిలో కుర్చీలు చాలడం లేదు, విరిగిన బల్లలకి మేకులు కొట్టించి వాడుతున్నాం. గది మీ వల్లే నిలిచింది. ఏమిచ్చినా మీ రుణం తీరదు.

ఇక నుంచి చీకటి పడగానే ఆటలో మనవాణ్ణి మంచం మీద పడుకోబెట్టండి. పడుకుంటేనే ఆట ఆ రోజుని గుర్తుపెట్టుకుంటుంది. తెల్లారి "కొనసాగించు" నొక్కండి. ఇప్పుడు నొక్కినా ఏమీ ఉండదు, మీరు ఏనాడూ పడుకోబెట్టలేదు కాబట్టి.

మీ మరదలు

తా.క.: డాక్టరు ఏమన్నాడు?

*

ఒసేయ్ చెల్లీ,

నన్ను డాక్టరు దగ్గరికి పంపే ముందు ఇది చదువు.

ఏమీ ఉండదన్నావని మీ బావ ఊరికే నొక్కి చూశారు. ఉంది. పొలం నిండా పంట, పండ్ల తోట, తేనెపెట్టెలు. ఆయన వెనక్కి తిరిగి, "ఇదెవరి కాపురం?" అన్నారు. "నాదే" అన్నాను.

టీవీ స్టాండు ఊగుతోందని ఆయన దాని కాలి కింద మడిచి పెట్టిన పుస్తకం ఆ ఆటదేనే. బూజు దులుపుతూ తీసి చదివాను. పసుపు బటన్, మంచం, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన నిద్రపోయాక రోజూ నేనూ ఆడుతున్నాను. "పూర్తి చేసేశాను" అని ఆయన పొద్దున్నే మురిసిపోతుంటే చెప్పడానికి మనసొప్పలేదు. ఆ మురిపెం చూసి చాలా కాలమైంది మరి.

ఊరి మధ్యలో ఒక బేకరీ కట్టాను. మన దుకాణంలాగే, ఎడమవైపు కిటికీతో. పొయ్యి ముందు కుర్చీ చూసి, "ఇక్కడ కుర్చీ ఎందుకు?" అన్నారు. "మీ మోకాళ్ళకి" అన్నాను. జీవితమంతా నిలబడే కాల్చారు కదే మనిషి. ఆయన కళ్ళు తుడుచుకుని రెండో రిమోట్ నా చేతిలో పెట్టారు. ఇద్దరూ కలిసి ఆడవచ్చని పుస్తకంలో నేను ఎప్పుడో చదివాను. ఆయన అడగాలని ఊరుకున్నాను.

నీ ఆటపెట్టె మా ఇంటికి వచ్చిన వేళ మంచిది. చల్లగా ఉండు.

నీ అక్క

తా.క. (బావ రాస్తున్నది): మీ అక్క ఆటలోని మనిషికి నా పేరే పెట్టుకుంది. ఇవాళ బావి దగ్గరికి వెళ్తే ముసలమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది.