పెదనాన్న అనిపించుకున్నవాడి ఆస్తి

పంపుల ఫ్యాక్టరీ పెట్టి నలభై ఏళ్ళు నడిపిన నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకు ముందు రాసినవేవీ చెల్లవు. మోకాళ్ళు పోయాయి గానీ జ్ఞాపకం పోలేదు. పోయుంటే సుఖపడేవాణ్ణి.

1. నేనుంటున్న ఇల్లు, వాళ్ళమ్మ కుట్టు మిషనుతో సహా, నా కూతురికి. అమ్మాయీ, ఫ్యాక్టరీలో అందరి పిల్లల పుట్టినరోజులూ నాకు కంఠతా వచ్చు. నీది మాత్రం ఏటా మీ అమ్మే గుర్తుచేసేది.

2. మీటింగు హాల్లోని మైకు, సిబ్బంది వ్యవహారాలు చూసిన మా బావమరిదికి. అది లేకపోతే ఆయన మాట ఇంట్లోవాళ్ళు కూడా వినరు. నా మేనేజ్‌మెంటు పుస్తకాలు తూకానికి అమ్మేయండి. తప్పు వాటిది కాదు. నాకు పనికొచ్చే పేజీలే చదివాను.

3. ఫ్యాక్టరీలో నా వాటా నా కొడుక్కి, అయిదో క్లాజుకు లోబడి.

4. కారణం ఇది. అమ్మకాలు పడిపోయిన ఏడాది 'సార్' అనే పిలుపు తీసేయించాను. మేస్త్రీ బాబాయ్, స్టోర్సు చూసేవిడ అక్క, నేను పెదనాన్న. రెండేళ్ళలో ఉత్పత్తి ఒకటిన్నర రెట్లకు పెరిగింది. ఎందుకు పెరగదు? యజమాని ఆదివారం రమ్మంటే అదనపు కూలి అడుగుతారు. "పెదనాన్న కోసం ఈ ఒక్క పూట రాలేవా నాన్నా" అంటే ఏమడుగుతారు?

ప్రెస్సు మిషనుకు చేతులు లోపల పడకుండా ఉండే అడ్డుజాలీ ఊడిందని ఫిట్టరు మొత్తుకున్నాడు. ఆర్డరు అయ్యాక చూద్దామన్నాను. అధికారులకు చెబుతానన్నాడు. "ఇంటిగుట్టు వీధిలో పెడతాడట, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం" అని బావమరిది మైకులో అన్నాడు. మర్నాటినుంచి భోజనాల దగ్గర ఫిట్టరు బల్లమీద ఎవరూ కూర్చోలేదు. నేను చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండా వాళ్ళను తయారుచేసుకున్నాను. అతను మానేశాడు.

నెల తిరక్కుండా ఆ ప్రెస్సు మీద పనిచేసే అమ్మాయి రెండు వేళ్ళు పోయాయి. ఆసుపత్రికి వెళ్ళి, కట్టుకట్టిన చెయ్యి పట్టుకుని, "పెదనాన్న పరువు నీ చేతుల్లో ఉందమ్మా" అన్నాను. విచారణకొచ్చిన అధికారితో ఆ పిల్ల "నాదే పరాకండీ" అంది. పరిహారం రాలేదు.

5. కాబట్టి ప్రకటిస్తున్నాను: జాలీ లేదని నాకు తెలుసు. ఆమెతో అబద్ధం చెప్పించింది నేను. బతికుండగా చెప్పే ధైర్యం చాల్లేదు. వీలునామా అమలుచేసే వకీలుగారు దీన్ని కార్మిక శాఖలో దాఖలు చేసి కేసు తిరిగి తెరిపించాలి. పరిహారం, వడ్డీతో సహా, ఆమెకు ముట్టేదాకా మూడో క్లాజు అమలు కాదు. అది నా కానుక కాదు, ఆమె హక్కు. చెక్కు ఇస్తూ ఫొటోలు తీయించొద్దు. ఒరే అబ్బాయ్, కుటుంబ పరువంటూ అడ్డంపడితే నా వాటా మొత్తం ఆమెదే.

6. ఫిట్టరుకు నా చేతిగడియారం. వద్దంటే బతిమాలకండి.

7. నేను పోయిన రోజు ఫ్యాక్టరీ మూయొద్దు. మూస్తే ఎవరు ఏడ్చారో, ఎవరు ఏడవలేదో బావమరిది గేటు దగ్గర నిలబడి చూస్తాడు.

సాక్షులిద్దరూ బయటివాళ్ళు. మా ఫ్యాక్టరీవాళ్ళయితే, పెదనాన్న అడిగాడని చదవకుండానే సంతకం పెట్టేస్తారు.

తేదీ: ఆగస్టు పద్నాలుగు

(సంతకం) ఫ్యాక్టరీ యజమాని

సాక్షులు:
ఎదురింటి మందుల షాపాయన (చదివి సంతకం పెట్టారు)
కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడ (రెండుసార్లు చదివి సంతకం పెట్టారు)