పిలుపొచ్చిందని చెప్పు

తమ్ముడు తాతబాబుకి,

ఫోన్లో చెబుదామంటే మీ బావ పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటున్నారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

బచేలీ ఇనుప గనుల్లో డంపర్ లారీ నడిపినన్నాళ్లూ గేట్ పాస్ కోసం ఏటేటా కళ్లు, బీపీ, షుగర్ అన్నీ చూపించుకునేవారు. కాంట్రాక్టు పోయి ఏడాది దాటింది. ఆ తర్వాత ఒక్క పరీక్షా లేదు. మా బస్తీలో ఆరోగ్యం చూసే మితానిన్ దీదీ ఇంటికొచ్చి, పైసా అక్కర్లేదు, ఆస్పత్రికి రమ్మని పిలుస్తూనే ఉంది. ఈయనది ఒకటే మాట: "పన్లేనోడికి పరీచ్చెందుకు? ఆ కాయితం ఎవులికి సూపించాలి?"

కాలి మీద పుండు మానట్లేదురా. నీళ్ల చెంబు పక్కనుంచి కదలట్లేదు. మా మామగారికి కాలు తీసేసింది ఇలాంటి పుండుతోనే. ఆ మాటంటే ఇంట్లో గొడవ.

నువ్వొక అబద్ధం ఆడాలి. మీ విశాఖ ఆఫీసులో డ్రైవర్ కావాలన్నారని, ముందు మెడికల్ సర్టిఫికెట్ పంపమన్నారని ఫోన్ చెయ్యి. పనంటే ఆ రోజే ఆస్పత్రికి పరిగెడతారు. కాలు కూడా చూపించుకోవాలని గట్టిగా చెప్పు.

నీ ఫోన్ రాగానే అటక మీది బూట్లు దించి తుడుచుకుంటారు. అది తల్చుకుంటేనే ఏడుపొస్తోంది.

షుగర్ ఉందని తేలితే తిట్టైనా మందులు మింగిస్తాను. అంతా బాగుందని రాసిచ్చారనుకో, అప్పుడే నాకు భయం. ఎప్పుడొచ్చి చేరమంటావని రోజూ నీకు ఫోన్ చేస్తారు.

ఎత్తడం మాత్రం మానకురా.

అక్క